బ్రైట్‌నెస్ కాస్త తగ్గించండి బాబూ!

ఆఫీసుల్లో చాలామంది కంప్యూటర్ ఇచ్చిన రోజు బ్రైట్‌నెస్ ఎంతుందో ఉద్యోగం మారేదాకా అంతే ఉంచేస్తారు. సాయంత్రానికి కళ్లు మంట. ఇంకేముంది, కళ్లజోళ్ల షాపు.

బెంగళూరు దగ్గర జిగణిలో ఎస్-వ్యాస అనే యోగా విశ్వవిద్యాలయం ఉంది. వాళ్ల పరిశోధన విభాగంలో షెర్లీ టెల్లెస్ బృందం సరిగ్గా ఈ బాధ మీదే 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. 291 మంది కంప్యూటర్ ఉద్యోగుల్లో సగం మందికి రోజుకు గంట, వారానికి అయిదు రోజుల చొప్పున 60 రోజులు యోగా. చేసినవాళ్లకు కంటి ఇబ్బంది తగ్గింది, మిగతావాళ్లకు పెరిగింది. అయితే రెండు జట్లూ కలిపి చివరిదాకా మిగిలింది 117 మందే.

గంట యోగా కుదరకపోతే, కనీసం తెర సర్దుకోవడానికి అయిదు నిమిషాలివ్వండి. పక్కన ఓ తెల్లకాగితం పట్టుకుని చూడండి. తెర ట్యూబ్‌లైట్‌లా వెలిగిపోతుంటే తగ్గించండి, కాగితం కన్నా మసగ్గా ఉంటే పెంచండి. పై అంచు కంటి ఎత్తుకు మించకూడదు, దూరం చేయి చాపినంత. కిటికీ వీపు వెనక ఉందా? ఆ వెలుతురంతా తెరమీదే పడుతుంది, బల్ల పక్కకు తిప్పండి. అక్షరాలు పెద్దవి చేసుకోవడానికి నామోషీ ఎందుకో నాకర్థం కాదు.

తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గిపోతుంది, కన్ను పొడిబారేది అందుకే. మధ్యమధ్య దూరంగా చూడండి. అయినా తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి గానీ, మెడికల్ షాపువాడిని అడిగి చుక్కలమందు వేసుకోకండి.