నాయన పళ్లు
(పూర్వ విద్యార్థి, ఎం.డి.ఎస్. మొదటి సంవత్సరం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే మొదట క్రమశిక్షణ గురించి రాయబోయాను. అది వార్డెన్ గారు ఎలాగూ చెబుతారు. నేను మా నాయన పళ్ల గురించి రాస్తాను.

నాయన ఒంగోలు వైపు రాళ్ల క్రషర్లలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. నోట్లో ఎప్పుడూ రాతి పొడి. దానికి తోడు నిద్రలో పళ్లు కొరికే అలవాటు. నేను ఐదో తరగతిలో ఇక్కడ చేరేనాటికే ఆయన ముందు పళ్లు సగానికి అరిగిపోయాయి. (అప్పటి మెస్ అన్నంలో రాళ్లకు నా పళ్లు ఎలా తట్టుకున్నాయో అది వేరే పరిశోధన!) నవ్వొస్తే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. నేను బి.డి.ఎస్. పట్టా తీసుకున్న రోజు ఫొటోలోనూ అంతే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. ఆ ఫొటోలో నాయన నవ్వు లేదు.

అందుకే పీజీలో చేరగానే మా మేడం గారి అనుమతి తీసుకుని, ఆవిడ పక్కనుండగా, నాయన పై పళ్లు ఆరింటిని కాంపోజిట్‌తో కట్టాను. కాంపోజిట్ అంటే రెజిన్‌లో సన్నటి గాజు పొడి కలిపిన ముద్ద. 1962లో అమెరికాలో బోవెన్ అనే ఆయన దీనికి పేటెంట్ పొందాడు. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో గరుకు చేసి, బాండింగ్ ద్రవం పూసి, రెండు మిల్లీమీటర్ల మందం మించకుండా పొర మీద పొర పెడుతూ ఒక్కోదాన్నీ నీలికాంతితో గట్టిపరచాలి. మందంగా పెడితే అడుగున మెత్తగానే ఉండిపోతుంది. రాతి పొడికి అరిగిన పళ్లను గాజు పొడితో కట్టడం నాకే చిత్రంగా అనిపించింది.

నాయన అద్దంలో చూసుకుని “ఎన్నాళ్లుంటయ్ రా?” అన్నాడు.

“నువ్వున్నన్నాళ్లూ” అన్నాను.

ఏ పుస్తకంలోనూ లేని మాట అది. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో, బాగా అరిగిన పళ్లకు కట్టిన 1010 కాంపోజిట్లను ఎనిమిదేళ్ల దాకా గమనిస్తే నూటికి ఏడు వరకు విఫలమయ్యాయి. మంచి ఫలితమే. కానీ పళ్లు కొరికేవాళ్లకు అంచులు చిట్లుతాయి, రంగు మారుతుంది, మళ్లీ అరుగుతుంది. అసలు పన్నునే అరగదీసిన నోరు కదా! ఇదంతా తెలిసి కూడా, ఆయన మొహంలో సంతోషం చూసి చెప్పలేకపోయాను.

ఐదు నెలల తర్వాత పండక్కి ఇంటికెళ్తే తువ్వాలు మళ్లీ నోటికి అడ్డం వచ్చింది. అమ్మ చాటుగా చెప్పింది: “ముక్క ఊడి మూడు వారాలైందిరా. మీ పెద్ద డాక్టరమ్మ నిన్ను తిడతదని నీకు చెప్పొద్దన్నాడు.” నాకు ముద్ద దిగలేదు.

కాలేజీకి తీసుకొచ్చాను. ఊడిన చోట గరుకు చేసి మళ్లీ కట్టడానికి అరగంట కూడా పట్టలేదు. కాంపోజిట్ గొప్పతనం ఇదే, చిట్లినంత మేరకే బాగుచేసుకోవచ్చు. కిరీటం తొడగాలంటే పన్ను చుట్టూ ఇంకా చెక్కాలి. నాయనకు చెక్కడానికి మిగిలిందెంత? రాత్రి పెట్టుకోవడానికి అక్రిలిక్ తొడుగు కూడా చేయించాను. “ఎద్దుకు చిక్కం కట్టినట్టుందిరా” అంటూనే పెట్టుకుంటున్నాడు.

ఈసారి ఎన్నాళ్లని ఆయన అడగలేదు. నేనే చెప్పాను: కొన్నేళ్లుంటాయి, మధ్యలో చిట్లుతాయి, చిట్లిన రోజే ఫోన్ చెయ్యమని.

“అదేదో ముందే చెప్పొచ్చుగా! ఎండుచేప తిన్నందుకే ఇరిగిందనుకుని మూడు వారాలు నోరు కట్టుకున్నా” అన్నాడు, తువ్వాలు తీసి.