అట్టపెట్టెల పండగ

నా ఒళ్లో ఒక చర్చి ఉంది. రెండు గోపురాల చర్చి. పాత పేపర్లు, అట్టముక్కలు, జిగురుతో రెండు వారాలు కూర్చుని చేశాను. పైన నల్ల చెత్తసంచి కప్పాను. ఐండ్‌హోవెన్ నుంచి డెవెంటర్‌కి రెండు గంటలకు పైనే ప్రయాణం. రైలు మారేటప్పుడు ఒక గోపురం తలుపుకి తగిలి పక్కకి ఒరిగిపోయింది. అందులో దాచిన పిట్టల గింజలు బోగీ అంతా జలజలా రాలాయి.

ఎదురు సీట్లో కుర్రాడి ఒళ్లో దుప్పటి చుట్టిన పేద్ద గుండ్రటి వస్తువేదో ఉంది. అవతల ఒకావిడ కాళ్ల దగ్గర అట్టతో చేసిన వాషింగ్ మెషీన్! ఎవరూ ఎవర్నీ ఇదేంటని అడగడం లేదు. ఆ కుర్రాడు మాత్రం నా గోపురం వంక చూసి, జేబులోంచి టేపు చుట్ట తీసి చేతిలో పెట్టాడు. డిసెంబర్ 5 సాయంత్రం నెదర్లాండ్స్ రైల్లో జేబులో టేపు లేకుండా ఎవరూ ఎక్కరేమో.

ఆ రాత్రిని ఇక్కడ పాక్యెస్‌ఆవొండ్ అంటారు, అంటే పొట్లాల రాత్రి. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరా అనే ఊళ్లో బిషప్‌గా ఉన్న సెయింట్ నికొలస్ పండగ డిసెంబర్ 6న. ముందురోజు రాత్రే కానుకలు పంచుకుంటారు. ఆయన్ని వీళ్లు సింటర్‌క్లాస్ అంటారు. ఎర్ర అంగీ, పొడుగు టోపీ, తెల్ల గుర్రం. నవంబర్ మధ్యలో స్పెయిన్ నుంచి ఆవిరి ఓడలో దిగుతాడని పిల్లల నమ్మకం. ఆ దిగడాన్ని ఏటా ఒక ఊరి నుంచి టీవీలో చూపిస్తారు. పిల్లలు గుర్రం కోసం బూట్లో క్యారెట్ పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి ఆ బూట్లో మిఠాయి ఉంటుంది.

ఇదంతా పిల్లల సంగతి. పెద్దవాళ్లది వేరే ఆట. దాన్ని ‘సుర్‌ప్రీజ’ అంటారు. ఇంగ్లిష్ సర్‌ప్రైజే, అక్షరాలు కూడా అవే, పలకడం మాత్రం వేరు. ముందుగా చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్లకి చిన్న కానుక కొనాలి. మా గుంపులో పరిమితి 15 యూరోలు. అసలు పనంతా ఆ కానుకని దాచడంలో ఉంది. అందుకునేవాళ్ల అలవాటునో, పిచ్చినో, ఆ ఏడాది చేసిన ఘనకార్యాన్నో బొమ్మగా చేసి, కడుపులో కానుక పెట్టాలి. తోడుగా వాళ్లని ఆటపట్టిస్తూ ప్రాసలతో పద్యం రాయాలి. దాన్ని వాళ్లే అందరి ముందూ పైకి చదువుకోవాలి. ఎవరు చేశారో చెప్పకూడదు. కింద సంతకం సింటర్‌క్లాస్‌ది.

మా టీంలో నా పక్క సీటు ఆవిడ, ‘ఒక్కదానివీ గదిలో ఏం చేస్తావు, మా పుట్టింటికి రా’ అని నన్నూ చీటీల్లో కలిపింది. నాకు వచ్చిన పేరు చూసి గుండె జారింది. వాళ్ల నాన్న! డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో అందరూ ఓపా అంటారు, అంటే తాతయ్య. ఒకే ఒక్కసారి కలిశాను. ఆయన్ని నేను ఎద్దేవా చెయ్యాలా? మా ఇంట్లో తాతయ్య ఎదురుగా కాలు మీద కాలేసుకునే అలవాటు కూడా లేదు.

‘ఏం పరవాలేదు, ఆయన ఐస్సెల్ గురించి రాయి’ అందావిడ.

ఐస్సెల్ అంటే డెవెంటర్ ఒడ్డున పారే నది, రైన్ నది పాయ. 1995లో ఈ దేశంలో నదులు పొంగి దాదాపు 2.5 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఓపాకి మాత్రం వరద వచ్చినా రాకపోయినా ఒకటే. రోజూ సైకిలేసుకుని గట్టు దగ్గరికెళ్లి, నీళ్లు ఎంతవరకొచ్చాయో చూసి, ఇంటిల్లిపాదికీ ఫోన్లో మెసేజ్ పెడతాడు. నీటిమట్టం ప్రభుత్వమే ఇంటర్నెట్‌లో పెడుతుంది కదా అంటే, ‘వాళ్లు చూసింది వాళ్లది, నేను చూసింది నాది’ అంటాడట.

మొదట నాలో ఇంజినీరు నిద్రలేచాడు. చిన్న మోటారు, సెన్సర్, నీళ్లు లేచి దిగే తొట్టి... మూడు రోజులు కష్టపడితే కార్పెట్ తడిసింది. అప్పుడు బుద్ధొచ్చి అట్టలకే దిగాను. వాల్‌పేపర్ అంటించే జిగురు పొడి నీళ్లలో కలిపి, పేపరు ముక్కలు ముంచి, పాల డబ్బాల మీద పొరలు పొరలుగా అంటించడమే. ఒక పొర ఆరకుండా రెండోది వేస్తే మెత్తబడి కూలిపోతుంది. ఈ చలిదేశంలో ఆరడానికి ఒకటిన్నర రోజు పట్టేది. హీటరు పక్కన చర్చి, దాని పక్కన నేను.

పద్యం ఇంకా కష్టం. నా డచ్చి అంగట్లో బేరానికి పనికొస్తుంది గానీ ప్రాసకి కాదు. చాట్‌బాట్‌ని అడిగితే నిమిషంలో రాసిచ్చింది. ప్రాసలు అమోఘం, కానీ ఏ తాతకైనా సరిపోతుంది. పక్కన పడేసి, నిఘంటువు పట్టుకుని పన్నెండు పాదాలు నేనే గిలికాను. అంతా ‘మీరు’ అని రాస్తే మా సీటు ఆవిడ కొట్టేసింది. ‘రాసేది నువ్వు కాదు, సింటర్‌క్లాస్. ఆయనకి మా నాన్న కుర్రాడే. నువ్వు అనే అంటాడు’. అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. మన పెళ్లిళ్లలో వియ్యాలవారి మీద పాటలు కట్టే ఆడవాళ్లకీ ఇలాంటి లైసెన్సే ఉండేది. పాటలో ఉన్నంతసేపూ ఏదైనా అనొచ్చు.

చర్చి ఎందుకంటే, డెవెంటర్ పాతపేటలో నిజంగానే ఒకటుంది. బెర్గ్‌కెర్క్, కొండ చర్చి అని. ఆ గుట్టని కొండ అనుకోవడం ఈ బల్లపరుపు దేశంలోనే చెల్లుతుంది. 1200 ప్రాంతంలో కట్టడం మొదలైంది, జంట గోపురాలు, అంకితమిచ్చింది నికొలస్‌కే. ఓడలకీ వర్తకులకీ ఆయనే రక్ష, డెవెంటర్ ఒకప్పుడు నది మీద బతికిన వర్తకుల ఊరు. నేను వెళ్లేసరికి నాలుగున్నర, అప్పటికే చీకటి. ఇటుక సందుల్లో చర్చి పట్టుకుని చర్చి ముందు నుంచి నడిచాను. అసలుదాని గోపురాలు నిటారుగానే ఉన్నాయి.

ఇంట్లో బల్ల నిండా కమలాలు, దాల్చినచెక్క వాసనొచ్చే బుల్లి బిస్కెట్లు, తేనె వేసిన డెవెంటర్ కేకు. ఒక్కొక్కరికీ వాళ్ల పేరు మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్. ఏ అక్షరమైనా బరువు ఒకటేనట. సన్న అక్షరానికి మందం పెంచుతారు.

నా వంతు ముందొచ్చింది. గుడ్డ తీస్తే గుమ్మడికాయంత తల. గోధుమరంగు ముఖం, కళ్లజోడు, జడ. కింద స్ప్రింగు. ఎవరో తాకితే అటూ ఇటూ ఊగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కడుపులో ఏదో బిగుసుకుంది. ఈ పండగలో సింటర్‌క్లాస్ సహాయకులుగా మొహాలకి నల్లరంగు పూసుకునేవాళ్లు. దాని మీద ఏళ్లపాటు గొడవలయ్యాయి. 2019 నుంచి టీవీలో చూపించే ఊరేగింపులో మసి చారలే పూస్తున్నారు. అదంతా చదివి వచ్చినదాన్ని. ఇప్పుడు బొమ్మ నా తలేనా?

పద్యం చదవాలి. తడబడుతూ మొదలుపెట్టాను. చలేస్తోందా అంటే తల ఊపుతుంది, పని పూర్తవుతుందా అంటే తల ఊపుతుంది, అవునో కాదో సింటర్‌క్లాస్‌కే తెలీదు అని ఉంది. ఆ పైన నాలుగు పాదాలు: ఆగస్టులో జ్వరంతో వారం రోజులు పనిచేశావు, ఎవరికీ చెప్పలేదు, మేమందరం ఉన్నాం కదా, ఈసారి ఒక్కసారి వద్దు అని చూడు. గొంతు పట్టుకుంది. ఆగస్టు సంగతి ఎవరూ గమనించలేదనుకున్నాను. బొమ్మ కడుపులో ఉన్ని మేజోళ్లు.

అయినా ఆ రంగు గురించి మర్నాడు మా సీటు ఆవిడతో అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ‘మాకు తట్టలేదు. తట్టాల్సింది’ అంది. సర్దిచెప్పబోలేదు, అది నాకు నచ్చింది.

ఓపా వంతు వచ్చేసరికి చర్చి ముందు పళ్లెంలో నీలిరంగు జెల్లీ, అదే ఐస్సెల్. వాళ్ల ఫ్రిజ్‌లోనే గడ్డకట్టించాం. పద్యం ప్రకారం, ప్రభుత్వ లెక్క నమ్మని మనిషి నది లోతు తన చేత్తోనే కొలవాలి. ఆయన చొక్కా చేతులు మడిచి, మోచేతిదాకా జెల్లీలో ముంచి, కవరులో చుట్టిన చేతి తొడుగులు పైకి తీశాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, నేను గీసిన నీటిమట్టం గీత దగ్గర వంగి చూశాడు. ‘తప్పు. ఇవాళ ఇంకో నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంది’ అన్నాడు.

తల నాతోపాటే ఐండ్‌హోవెన్ వచ్చి ఇప్పుడు ఫ్రిజ్ మీద ఊగుతోంది. వీడియో కాల్లో అమ్మ చూసి ‘ఎవర్దే ఆ మొహం?’ అంది. నాదే అన్నాను. దగ్గరగా పెట్టమని, కాసేపు పరీక్షగా చూసి, ‘ముక్కు కుదర్లేదు’ అంది.