న్యూ సెటిల్‌మెంట్‌లో నాలుగు రోజులు

ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి అక్కడి పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం దీర్ఘకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా ఖ్యాతి గడించింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని అధిగమించాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలకు మాత్రం అది మూడు నాలుగు తరాలుగా బంధువుల ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పని వెదుక్కుంటూ వెళ్ళిన మనవారు అక్కడే స్థిరపడ్డారు. మా చిన్నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. అదే రైల్వేలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి క్వార్టరులో, న్యూ సెటిల్‌మెంట్‌లో, ప్రస్తుతం ఉంటున్నారు.

గత ఏప్రిల్‌లో ఆయనను కంటి శుక్లాల ఆపరేషను నిమిత్తం విశాఖపట్నం తీసుకురావలసి వచ్చింది. రైలులో రమ్మంటే పిన్నిగారి మోకాళ్ళ నొప్పులు అడ్డు వచ్చాయి. కనుక నేను, మా శ్రీమతి కారులో బయలుదేరాము. కారు కొని రెండేళ్ళయినా కాలేదు. అయితే దానికి ఒక జబ్బు ఉన్నది. నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఇంజను ఆగిపోతుంది. పావుగంట తరువాత ఏమీ జరగనట్లు మళ్ళీ స్టార్టవుతుంది. సర్వీసు కేంద్రానికి తీసుకువెళితే అక్కడ ఒక్కసారి కూడా ఆగదు. స్కానరు పెడితే లోపం ఏదీ నమోదు కాలేదని చూపుతుంది. ప్లగ్గులు మార్చారు, ఆ తరువాత పెట్రోలు పంపు మార్చారు. 11 వేల రూపాయలు ఖర్చయ్యాయి. ఇక భయం లేదన్న హామీతోనే ప్రయాణమయ్యాము.

భువనేశ్వర్‌లో రాత్రి బస చేసి, మరునాడు బాలాసోర్ మీదుగా సాగి, సువర్ణరేఖా నది దాటిన తరువాత కారు మళ్ళీ ఆగింది. వెనుక లారీల వరుస ఉన్నది. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు రెండు మూడు తొక్కుల వరకే తేలికగా పడుతుంది, పిమ్మట కాలి బలమంతా ఉపయోగించాలి. ప్రమాద సూచిక దీపాలు వెలిగించి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకు చేర్చగలిగాను. కంగారులో తాళం పూర్తిగా తిప్పి ఉంటే స్టీరింగు బిగుసుకుపోయేది. ఆ పది క్షణాలు మా శ్రీమతి నా భుజం వదలలేదు. ఆ సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ చేరగానే, "ఈ కారులో పెద్దవాళ్ళను ఎక్కించుకుని ఏడు వందల కిలోమీటర్లు రాను" అని ఆమె స్పష్టం చేసింది. నా దగ్గర సమాధానం లేదు.

న్యూ సెటిల్‌మెంట్ వీధులలో సాయంత్రం నడిస్తే తెలుగు, హిందీ, బెంగాలీ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. అరుగుపై కూర్చున్న చిన్నాన్నగారు నా కథంతా విని, "ఎప్పుడెప్పుడు ఆగింది?" అని అడిగారు. "అప్పుడప్పుడు" అన్నాను. ఆయన నవ్వారు.

"అప్పుడప్పుడు అంటే జబ్బు తెలియదు నాయనా. పెట్టె ఇరుసు వేడెక్కిందేమోనని బండి వచ్చి ఆగగానే చెయ్యి పెట్టి చూసేవాళ్ళం. చల్లారాక చూస్తే అన్ని ఇరుసులూ మంచివే. మీ సర్వీసువాళ్ళు చల్లారిన బండిని చూశారు. మార్చడం తరువాత, ముందు రాసుకోండి."

మరునాడు ఉదయమే గోల్ బజార్‌లో ఒక నోటుపుస్తకం కొన్నాము. ఏ వేళ ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఇంజను తడబడి ఆగిందా లేక స్విచ్చి కట్టేసినట్లు ఆగిందా, తిరిగి ఎంతసేపటికి కదిలింది అనే గడులు చిన్నాన్నగారు చెప్పగా మా శ్రీమతి గీసింది. చూపు మసకబారిన ఆయన వెనుక సీటులో చెవి ఒగ్గి కూర్చున్నారు. న్యూ సెటిల్‌మెంట్ నుంచి ఐఐటి ముందుగా సలువా వైపు వెళ్ళి రావడం మా పరీక్షా మార్గం. 1931 సెప్టెంబరు 16న ఇద్దరు రాజకీయ ఖైదీలు కాల్పులలో అసువులు బాసిన హిజ్లీ నిర్బంధ శిబిరం అక్కడే ఉన్నది. 1951లో ఐఐటి ప్రారంభమైనది ఆ భవనంలోనే. అంత చరిత్ర గల దారిలో మా కారు రెండు రోజులలో మూడుసార్లు ఆగింది.

మొదటిసారి 42 నిమిషాలకు, రెండవసారి 38 నిమిషాలకు, మూడవసారి 45 నిమిషాలకు. ఒకసారి ట్యాంకు నిండుగా, మరొకసారి సగం ఉన్నది. ట్యాంకు మూత తీసి చూస్తే గాలి పీల్చిన చప్పుడు లేదు. పెట్రోలు అందకపోతే ఇంజను సాధారణంగా ఆయాసపడి, కుదుపులతో ఆగుతుంది. ఇది మూడుసార్లూ దీపం ఆర్పినట్లు ఆగింది. అన్నిటికంటె విలువైన సాక్ష్యం మా శ్రీమతి కంటబడింది. కారు ఇంకా గేరులోనే దొర్లుతున్నది, కనుక చక్రాలు ఇంజనును తిప్పుతూనే ఉన్నాయి. అయినా ఇంజను చుట్లు చూపే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది.

మా తమ్ముడు పిలిపించిన మెకానిక్ ఈ వివరం వినగానే తల ఊపాడు. ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో, పిస్టన్లు ఏ స్థానంలో ఉన్నవో కంప్యూటరుకు చెప్పేది క్రాంక్ షాఫ్ట్ సెన్సారు. ఆ కబురు అందకపోతే పెట్రోలు చిమ్మడం, నిప్పురవ్వ పుట్టించడం రెండూ ఆగిపోతాయి. కబురు పూర్తిగా ఆగినప్పుడు మా కారు కంప్యూటరు ఇంజనును మనమే ఆపామని భావించి ఉంటుందనీ, అందుచేతనే లోపం నమోదు కాలేదనీ అతడు వివరించాడు.

నాలుగవ రోజు అతడు స్కానరుతో మా వెంట వచ్చాడు. 40 నిమిషాలకు ఇంజను ఆగింది. స్టార్టరు తిరుగుతున్నా స్కానరులో చుట్ల సంఖ్య సున్నాయే. "సెన్సారు మార్చేద్దాం" అన్నాడు. చిన్నాన్నగారు అంగీకరించలేదు. "తీగ తెగినా ఇదే గుర్తు కదా, బాబూ" అన్నారు. తీగను ప్లగ్గు దగ్గరనుంచి తడిమి, అటూ ఇటూ కదిపి చూశారు. మార్పు లేదు. మీటరు పెట్టారు. మా కారులో ఉన్నది అయస్కాంతం, తీగచుట్ట గల రకం. వేడిగా ఉండగా మీటరు తెగిన తీగ వలె చూపింది. ఇంజను ఆపి ఉండగానే తడిగుడ్డ అదిమి చల్లార్చగా 900 ఓంల చేరువకు వచ్చింది. వెంటనే బండి స్టార్టయింది. చుట్టలో ఎక్కడో సన్నని తెగుదల ఉన్నది. వేడికి విడిపోయి, చల్లారగానే కలుస్తున్నది.

బొటనవేలంత సెన్సారు మార్చడానికి అరగంట పట్టింది. దాని వెల మేము అంతకుముందు వెచ్చించిన దానిలో పదోవంతు కూడా లేదు. అయినా చిన్నాన్నగారు తృప్తి పడలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అదే దారిలో రెండు గంటలు నడిపించి, ఆగలేదని పుస్తకంలో రాయించిన తరువాతనే పిన్నిగారితో, "ఇక సామాను సర్దు" అన్నారు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, భువనేశ్వర్‌లో ఆగి, మరునాటి సాయంత్రానికి విశాఖ చేరాము. దారిలో ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. వారం తరువాత ఆపరేషను కూడా సక్రమంగా జరిగింది. కట్టు విప్పిన మరునాడు చిన్నాన్నగారు ఆ నోటుపుస్తకం తెప్పించుకుని, తాను చెప్పగా రాసిన గడులను మొదటిసారి స్వయంగా చదువుకున్నారు.

మన కర్మాగారంలోనూ కారణం తెలియకుండా ఆగి, మనం చేరేసరికి చక్కగా నడిచే మోటార్లు, పంపులు లేకపోలేదు. "ఇప్పుడు బాగానే ఉంది" అని షిఫ్టు పుస్తకంలో రాసి సంతకం చేసేముందు, ఆగిన క్షణాన ఎంత వేడిగా ఉన్నదో, ఏ ముల్లు ఎక్కడ నిలిచిందో మరొక్క వాక్యం రాయగలిగితే తరువాతి షిఫ్టువారికి అదే దారి చూపుతుంది. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ మా కారులోనే ఉన్నది. అందులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.