తల్లి జవాబే రాసుకున్నాను

"వారంలో ఎన్నిసార్లు ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తారు?" నా ఫారంలో అన్నిటికన్నా తేలికైన ప్రశ్న ఇదేనని చాలాకాలం అనుకున్నాను. బరువు చూడాలంటే చెప్పులు విప్పించాలి, జేబులోని ఫోను తీయించాలి. నిన్నంతా ఏం తిన్నావంటే గుర్తు చేసుకోవడానికి కాసేపు పడుతుంది. దీనికి మాత్రం జవాబు వెంటనే వచ్చేస్తుంది. చెప్పేది దాదాపు ప్రతిసారీ తల్లే. పక్క కుర్చీలో పద్నాలుగేళ్ల కొడుకో, పదిహేనేళ్ల కూతురో తల వంచుకుని కూర్చుని ఉంటారు.

నేను హైదరాబాదులో డైటీషియన్‌ని. ఊబకాయంతో వచ్చే పిల్లల ఓపీలో కూర్చుంటాను. ఆ పిల్లల ఇళ్లలో భోజనాల వేళ ఎలా గడుస్తుందో కొలవాలని ఒక చిన్న అధ్యయనం మొదలుపెట్టాను. అందులో నేను చేసిన తప్పు ఒక పిల్లవాడికి రాత్రి భోజనాన్ని నరకం చేసింది. ఇలాంటి ఫారాలు పట్టుకుని వార్డుల్లో తిరిగే కుర్రవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమైనా ఇది దాచకుండా చెప్పాలి.

తప్పు ఇదీ. తల్లి "రోజూ రాత్రి కలిసే తింటాం మేడం" అంటుంది. పిల్లవాడు "రోజూ ఏం కాదు" అని గొణుగుతాడు. తల్లి అతని వైపు ఒకసారి చూస్తుంది. అతను ఊరుకుంటాడు. నేను తల్లి చెప్పిందే రాసుకునేదాన్ని. ఎక్సెల్ షీటులో ఒక్కో ఇంటికి ఒక్కటే గడి పెట్టుకున్నాను, అందులో రెండు జవాబులు పట్టవు. పిల్లలకు సరిగ్గా గుర్తుండదు, పెద్దవాళ్లకే తెలుస్తుంది అని సర్దిచెప్పుకున్నాను. రెండు జవాబులు కలవకపోతే అందులో ఒకటి తప్పని, ఆ తప్పు పిల్లవాడిదేనని ఏ ఆధారం లేకుండా తీర్మానించేశాను.

నిబంధనల ప్రకారం చూస్తే నా పనిలో వంక లేదు. 2017 నాటి ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాల ప్రకారం 12 నుంచి 18 ఏళ్ల పిల్లల దగ్గర తల్లిదండ్రుల అనుమతితో పాటు వాళ్ల సొంత సమ్మతి కూడా రాతలో తీసుకోవాలి. తీసుకున్నాను. ప్రతి ఫారం మీదా పిల్లల సంతకం ఉంది. ఆ సంతకం చేసిన పిల్లవాడికి నోరు విప్పే చోటు మాత్రం నేను ఇవ్వలేదు.

ఆ ప్రశ్న నా సొంతం కూడా కాదు. అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయంలో డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం 1998-99లో మొదలుపెట్టిన 'ప్రాజెక్ట్ ఈట్' సర్వేలో దాదాపు ఇదే ఉంది. గడిచిన ఏడు రోజుల్లో మీ ఇంట్లో ఉండేవాళ్లంతా, లేదా ఎక్కువమంది, ఎన్నిసార్లు కలిసి తిన్నారని అడిగారు. మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతపు బడుల్లో చదివే 4,746 మంది కౌమార వయసు పిల్లలు తరగతి గదుల్లో కూర్చుని ఎవరి కాగితం వాళ్లు నింపి ఇచ్చారు. అక్కడ జవాబు చెప్పింది పిల్లలే. నేను ప్రశ్న ఒక్కటి తెచ్చుకుని, దాన్ని అడిగిన పద్ధతిని అక్కడే వదిలేశాను.

దానికి తోడు ఒక అంకె నన్ను పట్టేసుకుంది. 2011లో అంబర్ హామన్స్, బార్బరా ఫీస్ 17 అధ్యయనాలను, 1.82 లక్షల మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. వారానికి మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ ఇంటివాళ్లతో కలిసి తినే పిల్లల్లో అధిక బరువుండే అవకాశం 12 శాతం తక్కువగా కనిపించింది. ఇక నేను ఇచ్చే ప్రతి డైట్ చార్టు కిందా ఎర్ర సిరాతో "రాత్రి భోజనం అందరూ కలిసి చేయాలి, టీవీ కట్టేయాలి" అని రాయడం మొదలుపెట్టాను. కలిసి తినడం, బరువు తక్కువగా ఉండడం జంటగా కనిపించాయంటే ఒకదాని వల్లే రెండోది వచ్చిందని కాదు. ఇది చదువుకున్నదే, తెలిసినదే. నాకు తట్టనిది ఇంకోటి. అలాంటి లెక్కల్లో అన్ని రకాల పిల్లలూ కలిసి ఉంటారు. నా ఎదురుగా కూర్చునేది ఇప్పటికే లావుగా ఉండి, ఆ మాట ఏళ్ల తరబడి బంధువుల దగ్గర, బడిలో, బట్టల దుకాణాల్లో వింటూ వచ్చిన పిల్లలు. వాళ్ల ఇంట్లో అందరూ కంచాల ముందు చేరితే మాట ఎటు పోతుందో నేను ఊహించాల్సింది.

ఒక పదో తరగతి అబ్బాయి ఉండేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు కలిసి తినేది వారంలో రెండుసార్లే అని తల్లి చెప్పింది. నేను ఎర్ర సిరాతో రాసిచ్చాను. మళ్లీ వచ్చినప్పుడు "మీరు చెప్పినట్టే రోజూ కలిసే తింటున్నాం మేడం" అంది. రెండు కాస్తా ఏడయింది. బరువు తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. అయినా నా షీటులో ఆ ఇల్లు బాగుపడ్డ ఇల్లే. రక్తపరీక్ష డబ్బులు కట్టడానికి తల్లి కౌంటరు దగ్గరికి వెళ్లింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఊరికే కూర్చోవడం ఎందుకని, "నిన్న రాత్రి భోజనం దగ్గర ఏం జరిగింది నాన్నా?" అన్నాను. అది ఫారంలో ఉన్న ప్రశ్న కాదు.

తల ఎత్తకుండా చెప్పాడు. ట్యూషన్ నుంచి తొమ్మిదింటికి వచ్చేసరికి నాన్న టేబుల్ దగ్గర కూర్చుని ఉంటాడు. టీవీ కట్టేసి ఉంటుంది. అమ్మ గరిటెతో అన్నం తీస్తుంది. నాన్న గరిటె వైపే చూస్తుంటాడు. అమ్మ పైపై అన్నాన్ని వేలితో మళ్లీ గిన్నెలోకి తోసి, మిగిలింది కంచంలో వేస్తుంది. తమ్ముడి పప్పన్నంలో నెయ్యి పడుతుంది, వీడి కంచం దాటి నేతి గిన్నె వెళ్లిపోతుంది. నాయనమ్మ ఊరుకోలేక "ఎదిగే పిల్లాడి కడుపు మాడుస్తారా" అంటూ తన కంచంలోని అప్పడం వీడి కంచంలో పడేస్తుంది. నాన్న ఆమె మీద కేకలేస్తాడు. ఆమెకు మీరే అలుసిచ్చారని అమ్మ నాన్నను అంటుంది. చివరికి బాబాయి కొడుకు ఎంత సన్నగా, ఎంత చురుగ్గా ఉంటాడో అన్న మాట వస్తుంది. "పెరుగన్నం గబగబా మింగేసి లేస్తా మేడం. ఎంత తొందరగా తింటే అంత తొందరగా లేవొచ్చు." ఇంట్లో కడుపు నిండదని తెలుసు కాబట్టి, ట్యూషన్ పక్కనున్న బేకరీలో రెండు ఎగ్ పఫ్‌లు తినేసి మరీ ఇంటికి వెళ్తున్నాడు.

"అంతకుముందు ఎలా తినేవాడివి?" అని అడిగాను. నాయనమ్మ పక్కన మంచం మీద కూర్చుని, ఆమె సీరియల్ చూస్తుంటే, బడిలో జరిగినవి చెబుతూ తినేవాడట. "అదే బాగుండేది" అన్నాడు.

నా ఫారంలో ఆ భోజనం లెక్కకు రాదు. ఇంటిల్లిపాదీ లేరు, పైగా టీవీ ఉంది. ఆ పిల్లవాడికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నెమ్మదైన భోజనాన్ని నేను తప్పుగా లెక్కగట్టి తీసేయించాను. టీవీ కట్టేయించడం వల్ల ఆ టేబుల్ దగ్గర మాట్లాడుకోవడానికి వాడి ఒళ్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథ విన్నవాళ్లు వెంటనే తండ్రి మీద పడతారు. ఆయనకు నలభై నిండకముందే షుగరు వచ్చింది. కొడుకు మెడ మీద నల్లటి మచ్చ చూసి, తనకు వచ్చిందే వాడికీ వస్తుందని నిద్రపోకుండా భయపడుతున్నాడు. ఆ భయం భోజనాల దగ్గర కోపంగా బయటపడుతోంది. నాయనమ్మ ప్రేమా అంతే నిజం. ఆకలి చూసిన తరం ఆమెది. 2016-18లో జరిగిన జాతీయ పోషణ సర్వేలో మన దేశపు 10-19 ఏళ్ల పిల్లల్లో దాదాపు 5 శాతం అధిక బరువుతో ఉంటే, అంతకు ఎన్నో రెట్లు మంది, 24 శాతం, ఉండాల్సిన దానికన్నా బక్కగా ఉన్నారు. పిల్లవాడి కంచంలో ఇంకో ముద్ద వేయాలనిపించడం ఈ దేశంలో అజ్ఞానం కాదు.

ఆ రోజు తర్వాతే నేను చదవాల్సినవి చదివాను. సిన్సినాటిలో మెగ్ జెల్లర్ బృందం ఊబకాయం ఉన్న 8-16 ఏళ్ల పిల్లల ఇళ్లను, వాళ్ల తోటి పిల్లల ఇళ్లతో పోల్చి 2007లో ప్రచురించింది. ఊబకాయం ఉన్న పిల్లల తల్లుల్లో మానసిక వేదన ఎక్కువ, ఇంట్లో గొడవలు ఎక్కువ, భోజనాల దగ్గర ఇబ్బందులూ ఎక్కువే. వాళ్లు భోజనాల లెక్కతో సరిపెట్టుకోలేదు, భోజనం వేళ ఎలా గడుస్తుందో అడిగారు. మినసోటాలోనే జెరికా బర్గ్ బృందం 120 కుటుంబాల భోజనాలను ఇళ్లలోనే వీడియో తీయించి 2014లో ఫలితాలు రాసింది. భోజనం దగ్గర ఆప్యాయత, కలిసి కూర్చున్నామన్న సంతోషం ఉన్న ఇళ్లలో పిల్లలు అధిక బరువుతో ఉండడం తక్కువ. విసుర్లు, తిండి గురించిన గద్దింపులు ఉన్నచోట ఎక్కువ. అది 6-12 ఏళ్ల పిల్లల మీద చేసింది, పెద్ద పిల్లలకు యథాతథంగా పెట్టేయకూడదు. పైగా గద్దింపుల వల్ల బరువు పెరిగిందా, బరువు పెరిగినందుకు గద్దిస్తున్నారా అన్నది అందులో తేలదు. రెండూ ఒకదాన్నొకటి తోస్తుంటాయనే నా నమ్మకం. నేను చూసిన ఇళ్లలో అలాగే ఉంది. కౌమార వయసు పిల్లల మీదే బర్గ్ 2013లో రాసిన ఇంకో వ్యాసం నన్ను ఎక్కువ కదిలించింది. తల్లిదండ్రులు బరువు గురించి మాట్లాడే ఇళ్లలో పిల్లలు కడుపు మాడ్చుకోవడం, ప్రమాదకరమైన పద్ధతుల్లో బరువు తగ్గాలని చూడడం ఎక్కువ. బరువు ఊసెత్తకుండా మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడే ఇళ్లలో అది తక్కువ.

ఇప్పుడు నా షీటులో ఒక్కో ఇంటికి రెండు గడులు. ఒకటి పెద్దవాళ్లది, ఒకటి పిల్లలది. రెండూ విడివిడిగా, వేరువేరు గదుల్లో అడుగుతాను. అవి కలవకపోతే ఏదీ కొట్టేయను. ఎక్కడ కలవలేదో అక్కడే ఆగి చూస్తాను, ఆ ఇంటి గురించి నాకు ఎక్కువ తెలిసేది అక్కడే. "సాధారణంగా", "తరచూ" లాంటి మాటలున్న ప్రశ్నలు బాగా తగ్గించాను. వాటికి పిల్లలు మధ్యలో ఉన్న గడి మీద టిక్కు పెట్టి బయటపడతారు. నిన్న రాత్రి సంగతి, పోయిన ఆదివారం సంగతి అడిగితే మాట వస్తుంది. ఆదివారం తప్పకుండా అడగాలి. చికెన్ వండిన రోజున ముక్కలు ఎవరు పంచారు, మారు ఎవరిని అడిగారు, ఎవరిని అడగకుండా వదిలేశారు అన్నది చెప్పేటప్పుడు పిల్లల గొంతు మారిపోతుంది.

ఇంకో సంగతి నేను ముందే పట్టుకోవాల్సింది, ఎందుకంటే మా ఇంట్లోనూ అంతే. అందరికీ వడ్డించే తల్లి అందరితో కూర్చోదు. ఆమె తినేది అందరూ లేచాక, చాలాసార్లు వంటింట్లో. "కలిసే తింటాం" అని ఆమె చెప్పినప్పుడు ఆ లెక్కలో ఆమె లేదు. అందుకే ఎంతమంది కూర్చున్నారని కాకుండా ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు వడ్డించారు, ఎవరు చివర తిన్నారు అని అడుగుతున్నాను. ఒకమ్మాయి రోజూ అందరూ తిన్నాక వంటింట్లో అమ్మతో కలిసి తింటుంది. పాత ఫారం ప్రకారం ఆమెకు సున్నా వచ్చేది. తన వంతుకు ఎవరూ వంక పెట్టని చోటు అదొక్కటేనని ఆ అమ్మాయే చెప్పింది.

ఆ పదో తరగతి అబ్బాయి తండ్రిని పిలిపించి నా సలహా వెనక్కి తీసుకున్నాను. కొడుకు చెప్పిందేదీ బయటపెట్టలేదు. భోజనం దగ్గర బరువు మాట, పోలిక మాట, ఎవరి కంచంలో ఎంత అన్న మాట వద్దని, పిల్లలిద్దరికీ ఒకే వంట, ఒకే వడ్డన ఉండాలని, రాత్రి నాయనమ్మ దగ్గర తినాలనిపిస్తే తిననివ్వమని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి ఏం మాట్లాడాలి మేడం?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. బరువు, మార్కులు కాకుండా కొడుకుతో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. నా దగ్గర కూడా సిద్ధంగా జవాబు లేకపోయింది. మీకు ఆ వయసులో ఏది ఇష్టమో అది చెప్పండి అన్నాను. ఆయనకు క్రికెట్ ఇష్టమట. తర్వాత వచ్చినప్పుడు బరువు అంతే ఉంది. పఫ్‌లు మాత్రం మానేశానని అబ్బాయి తనంతట తనే చెప్పాడు.

విభాగంలో ఇప్పటికీ నాతో వాదించేవాళ్లున్నారు. రెండు గడులుంటే ఒక ఇంటికి ఒక స్కోరు ఎలా ఇస్తావు, పట్టిక ఎలా వేస్తావు అంటారు. రెండు స్కోర్లు ఇస్తాను, వాటి మధ్య తేడాను మూడోదిగా చూపిస్తాను అంటున్నాను. అంతకన్నా కష్టం తల్లిదండ్రులను బయట కూర్చోమనడం. కొందరికి అది అవమానంగా తోస్తుంది. అందుకని మొదట్లోనే, పిల్లల ముందే చెబుతున్నాను: పిల్లల ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉందనిపిస్తే తప్ప లోపల విన్నది మీకు చెప్పను, మీరు విడిగా చెప్పింది వాళ్లకూ చెప్పను. ఒప్పుకోనివాళ్లను అధ్యయనంలో చేర్చుకోవడం లేదు. చార్టు ఇచ్చి, మామూలుగా చూసి పంపిస్తున్నాను. వాళ్ల ఇంటి భోజనం గురించి ఎర్ర సిరాతో ఏమీ రాయడం లేదు.