తిరుగని కారునకును గడువు కలదు

మోటారుకారు నూనె సంగతి స్త్రీలకేల యని కొందఱనవచ్చును. జాడీలోని ఆవకాయపై నూనె తేలుచున్నదో లేదో కనిపెట్టు గృహిణికి, వాకిట నిలిచిన కారులోని నూనెను గనిపెట్టుట పరాయిపని కాదని నా యనుభవము.

మాది కాప్రా. మావారు ఉపాధ్యాయులు, పాఠశాలకు స్కూటరుమీఁదఁ బోవుదురు. 2022వ సంవత్సరము వేసవిలో మా నాయనగారు పరమపదింపఁగా వారి చిన్న పెట్రోలుకారు నాకు వచ్చినది. నాకు భారతభాగవతములు చెప్పిన గురువు వారే. వారి వస్తువు నమ్ముకొనుటకు మనసొప్పలేదు. వాడుకొనుటకో, మాకంత పని లేదు. ఆదివారమునాఁడు ఈసీఐఎల్ చౌరస్తాకుఁ గూరగాయలకై పోయివచ్చుట, నడుమ నొకదినమునఁ బది నిమిషములు నిలిచినచోటనే యింజను తిరుగనిచ్చుట, ఇంతియే దాని వ్యాయామము. రెండున్నరయేండ్లలో నది తిరిగినది 1,900 కిలోమీటర్లు.

“నూనె మార్పింతమా?” యని మావా రొకటి రెండుసారులడిగిరి. “పదివేలు తిరిగినపుడు కదా! ఇంకను ఎనిమిదివేలకుఁ బైగా నున్నవి” అని నేనే వారించితిని. నెలాఖరున రెండువేల రూపాయలు నాకుఁ జిన్నమొత్తము కాదు.

2024 డిసెంబరులో నొకనాఁడు బ్యాటరీ చల్లఁబడఁగా మెకానిక్కును బిలిపించితిమి. అతఁడు పనిలోపనిగా ఇంజనునకు నూనె పోయు మూత విప్పి నా యెదుటఁ బట్టెను. దాని లోపలివైపునఁ బాలమీఁగడవంటి జిడ్డు పేరుకొని యున్నది. “తిరగని బండికే నూనె జల్ది ఖరాబైతదమ్మా” అనెను. నే నాశ్చర్యపడితిని. అంతట నతఁడు కూలెంటు మట్టము చూచి, అది తగ్గలేదు గనుక భయము లేదనియు, తగ్గియుండినచో లోపలి గాస్కెటు చెడినదేమో యని యనుమానింపవలసి వచ్చెడిదనియుఁ జెప్పెను.

కారణము వంటయింటి భాషలోఁ జెప్పెదను. మూఁతపెట్టిన గిన్నెను గోరువెచ్చగాఁ గాఁచి దింపినచో మూఁతలోపల నీటిబొట్లు నిలుచును గదా! పెట్రోలు మండునపుడు ఆవిరియుఁ బుట్టును. అందుఁ గొంతయు, మండక మిగిలిన పెట్రోలు కొంతయు నూనెలోనికి దిగును. ఇంజను చక్కఁగా వేఁడెక్కి చాలసేపు నడచినచో ఆ రెండును ఆవిరియై వెడలిపోవును. రెండు కిలోమీటర్ల ప్రయాణమునకు నూనె వేఁడెక్కనే వేఁడెక్కదు. చెమ్మ నిలిచి, ఆమ్లములు పుట్టి, నూనెలోఁ గలిపిన రక్షక ద్రవ్యములు క్షీణించును. పెట్రోలు కలిసిన నూనె పలుచనై యంత్రభాగముల రాపిడిని జక్కఁగా నాఁపలేదు. మూఁత తీయని డబ్బాలో నూనె కొన్నియేండ్లు నిలుచును గాని, ఇంజనులోఁ బోసినది నిలువదు. మేము కారునకుఁ జేసిన పదినిమిషముల యుపచారమే దాని కపచారమైనది!

అతఁడు వెడలిన పిదప నిర్మాతల పుస్తకము వెదకి చదివితిని. అందు “10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైన నది” అని యున్నది. పొదుపునకు వలసిన సగమునే నేను జ్ఞాపకముంచుకొంటిని.

ఆ పుస్తకము క్రిందనే నాయనగారి చిట్టిపుస్తకము కనఁబడినది. ఏటేట ఉగాది దాటఁగానే యొక పంక్తి: తేదీ, కిలోమీటర్లు, నూనె, ఫిల్టరు. 2020 మార్చి 25న దేశమంతయు లాక్‌డౌనులోఁ బడెను గదా! ఆ తరువాతి యుగాదినాఁటికి కారు తిరిగినది 640 కిలోమీటర్లే. అయినను నూనె మార్పించిరి. “తిరుగని కారునకు నూనె యేల నాయనా?” యని నేను నాఁడు ఫోనులో నవ్వితిని. వారు వాదింపలేదు. కడపటి పంక్తి 2022 ఏప్రిలునాఁటిది.

మఱునాఁడే నూనెయు ఫిల్టరును మార్పించితిమి. అంతకుముందు కొంతదూరము కారు నడిపితిమి. వేఁడిమీఁదనున్న నూనె మలినముతోఁ గూడ సులువుగా దిగును. పాతనూనెను మోరీలోఁ బోయనీయలేదు. అది చేరునది మన కాప్రా చెరువువంటి జలాశయములకే. 2016నాఁటి నిబంధనలలో వాడిన నూనె అపాయకర వ్యర్థముగా నెన్నఁబడినది. అనుమతిగల శుద్ధిశాలలకే చేరవలయును.

ఇపుడు నిలిచినచోట నింజను తిరుగనిచ్చుట మానితిమి. పక్షమున కొకసారి కీసరగుట్టకుఁ బోయి రామలింగేశ్వరుని దర్శించి వచ్చుచున్నాము. అరగంటకుఁ దక్కువకాని యా పయనమున ఇంజనునకుఁ జెమ్మ తీఱును, మాకుఁ బుణ్యము దక్కును. సోదరీమణులారా! మీ యింటను ఇట్టి కారున్నచో దూరము నొక్కదానినే లెక్కింపకుఁడు, పంచాంగమునుఁ జూడుఁడు. నూనె నల్లఁబడలేదని నమ్మకుఁడు. రంగు దాని గుణమును జెప్పదు.

ఆ సాయంత్రము చిట్టిపుస్తకము తెఱచి నా చేతివ్రాతతోఁ దేదీయుఁ గిలోమీటర్లును వ్రాసితిని. వారి పంక్తికిని నా పంక్తికిని నడుమ, గడచిన రెండుగాదులకు రెండు పంక్తులు ఖాళీగా విడిచితిని.