స్టీరింగు సణుగుడు



సణుగుడు అనగానే మనకు అరణ్యంలో ఇశ్రాయేలీయులే గుర్తుకొస్తారు. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మాంసపు కుండలను తలచుకుని సణిగారు, అది అవిశ్వాసం. అయితే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఇంకో సణుగుడు ఉంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే ఆహారం సరిగా అందడం లేదని పుట్టింది అది. అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు. లోటు ఎక్కడుందో చూసి, ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఈ రెండో రకం సణుగుడు గురించి ఈ మధ్య మేము ఒక కారు పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాము.

మన సంఘంలో ఒక తమ్ముడు ఎలక్ట్రిక్ కారు కొని కిరాయికి తిప్పుతున్నాడని మీకు తెలుసు. మన పెద్దాయన ఒకరిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పట్నం తీసుకెళ్లేది ఆ కారే. మలుపు తిప్పినప్పుడల్లా ముందు నుంచి "కిర్ర్" మని మొదలై "టంగ్" మని ఆగే శబ్దం రాసాగింది. పెద్దాయన భార్య భయపడి, "ఇక బస్సులోనే వెళ్తాంలెండి అయ్యగారూ" అన్నది. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చే మనిషి బస్సులో ఎలా నిలబడగలడు? అలాగని స్టీరింగు దగ్గర శబ్దాన్ని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. పాటలు గట్టిగా పెట్టుకో, వినపడదు అని ఒకరు. స్టీరింగు ఆయిలు తగ్గిందేమో పొయ్యమని ఇంకొకరు. ఈ కారులో స్టీరింగుకు బలమిచ్చేది చిన్న కరెంటు మోటారు. అందులో పొయ్యడానికి ఆయిలే ఉండదు. ఒక సహోదరి అయితే ప్రార్థించిన నూనె తెచ్చింది. ఆమె ప్రేమకు వందనాలు. కానీ యాకోబు పత్రికలో నూనె రాసి ప్రార్థించమన్నది రోగికి, బేరింగుకు కాదు. ప్రార్థన చేశాము, మెకానిక్‌నూ పిలిచాము. ఈ రెండింటికీ తగవు లేదు.

అంతకు ముందే ఒక సర్వీసు సెంటరులో ఏదీ విప్పి చూడకుండా స్టీరింగు ర్యాకు మొత్తం మార్చాలన్నారట. తమ్ముడికి అది నెలల సంపాదన. మన మండలంలోని మేస్త్రి అలా చెయ్యలేదు. ముందు విన్నాడు. ఎలక్ట్రిక్ కారులో ఇంజను మోత లేదు గనుక పెట్రోలు కారులో కలిసిపోయే చిన్న శబ్దం కూడా బయటపడుతుంది. మోటారు సన్నగా గుయ్యిమనడం జబ్బు కాదన్నాడు. తర్వాత స్టీరింగు తిప్పకుండా స్పీడు బ్రేకరు మీద నెమ్మదిగా పోనిచ్చాడు. శబ్దం లేదు. కాబట్టి లింకు రాడ్ల మీద అనుమానం తగ్గింది. కారు ఆపి, తమ్ముడి చేత స్టీరింగు అటూ ఇటూ తిప్పిస్తూ, పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొన భాగాల మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని డాక్టరు లాగా ఒక్కొక్క చోటే విన్నాడు. టైరాడ్లు బాగానే ఉన్నాయి. ఎడమవైపు షాకబ్జర్ పైభాగం దగ్గరకు వచ్చేసరికి ఆగాడు. చక్రం తిరుగుతుంటే స్ప్రింగు దానితో సాఫీగా తిరగాలి. ఇక్కడ మెలిపడి, పట్టుకుని, ఒక్కసారిగా వదులుతోంది. ఆ వదలడమే "టంగ్". పైన ఉండే బేరింగులోకి నీళ్లూ దుమ్మూ పోయి గ్రీజు పోయింది. పైగా అడుగున బ్యాటరీ ఉండడంతో ఇలాంటి కార్లు అదే సైజు పెట్రోలు కారుకంటే బరువు. ఆ బరువంతా మోసేవి ఈ భాగాలే.

అంటే సణిగింది స్టీరింగు దగ్గర, నొప్పి మాత్రం షాకబ్జర్ నెత్తిన. ఇనుములో శబ్దం పాకుతుంది కదా.

ఇది చూస్తుంటే మన సంఘంలోని ఒక అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆరాధనలో పాటలు మరీ సాగదీస్తున్నారని కొంతకాలం ఆమె అందరితో అంటూ ఉండేది. భక్తి చల్లారిందని కొందరు అనుకున్నారు. పాస్టరమ్మ ఇంటికి వెళ్లి కూర్చుంటే తెలిసింది, ఆమె బాధ మోకాళ్లు. అంతసేపు చాప మీద కూర్చోలేకపోతోంది. ఒక్కర్తే కుర్చీ అడగడానికి సిగ్గు. గోడ వారగా ఒక బల్ల వేయించాము. ఇప్పుడు అందరికంటే గట్టిగా పాడేది ఆవిడే. మరో ఆరుగురు కూడా ఆ బల్ల మీదికే చేరారు.

బేరింగు మార్చడం ఇంట్లో చేసే పని కాదు. బాగా నొక్కి ఉన్న ఆ స్ప్రింగును ప్రత్యేకమైన పనిముట్టుతో బిగించాకే పై నట్టు విప్పాలి, లేకపోతే ప్రాణాంతకం. జాకీ కూడా కంపెనీ చూపించిన చోటే పెట్టాలి; అడుగున బ్యాటరీ పెట్టె మీద పెట్టకూడదు. నారింజ రంగు వైర్ల జోలికి అసలు పోకూడదు, అవి ఎక్కువ వోల్టేజీవి. మేస్త్రి రెండు వైపులా బేరింగులు మార్చి, వీల్ అలైన్‌మెంటు చేయించమన్నాడు. ర్యాకు ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు. శబ్దం పోయింది.

ఇలాంటి కారున్న మన పిల్లలకు ఒక మాట. స్టీరింగు వదులుగా ఊగినా, మధ్యలో పట్టేసినా, ఉన్నట్టుండి బరువెక్కినా, డ్యాష్‌బోర్డు మీద స్టీరింగు దీపం వెలిగినా, ఇంటిదాకా పోదాంలే అనుకోవద్దు. కారు అక్కడే ఆపండి. కిరాయి పోతే పోనీ. రబ్బరు భాగాల మీద కనబడిన స్ప్రే కొట్టవద్దు. పెట్రోలియం నూనెలు కొన్ని రబ్బర్లను ఉబ్బించి పాడుచేస్తాయి, పైగా శబ్దం నాలుగు రోజులు ఆగి మళ్లీ వస్తుంది.

పెద్దాయన మళ్లీ కారులోనే వెళ్తున్నారు. మంగళ, శుక్రవారాల్లో ఉదయం 5 గంటలకు గుడి దగ్గర నుంచి బయలుదేరుతుంది. వెనక సీటులో ఇంకొకరికి చోటుంది. పట్నం ఆసుపత్రికి వెళ్లాల్సినవారు ముందురోజు సాయంత్రం ప్రార్థనకు వచ్చినప్పుడు తమ్ముడికి చెప్పండి.