బందరు కసూర్ ఏమిటి?

మా ఉర్దూ మీడియం బడిలో జుగ్రాఫియా పాఠం చెబుతూ ఉస్తాద్ బోర్డు మీద రాసిన మాట బందర్‌గాహ్. జహాజులు ఆగే చోటు. తర్వాత డిగ్రీలో తెలుగు చదివినప్పుడు అదే చోటుకి రేవు, ఓడరేవు అనే మాటలు దొరికాయి. ఈ రెండు జుబాన్ల మధ్య తిరిగేవాడికి కనిపించే తమాషా ఒకటుంది. తెలుగువాళ్లంతా మచిలీపట్నాన్ని బందరు అంటారు కదా, ఆ మాట ఫార్సీ మాట. బందర్ అంటేనే రేవు. విజయవాడలో బందరు రోడ్డు, ప్రతి మిఠాయి దుకాణంలో బందరు లడ్డూ. హిందువైనా ముసల్మాన్ అయినా అందరి నోటా అదే మాట. ఊరికి రేవే పేరైపోయింది. పెద్ద జహాజులు మాత్రం ఎప్పుడో రావడం మానేశాయి.

హైదరాబాద్‌లో మా చుట్టాల పిల్లలకి ఇది పెద్ద హాస్యం. ఉర్దూలో కోతిని కూడా బందర్ అనే అంటాం, రాసేదీ ఒకేలా. బందరు నుంచి చుట్టం వచ్చాడంటే చాలు, వాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఒకప్పుడు హైదరాబాద్ వాళ్ల గోల్కొండకి బయటి దునియా అంతా ఆ బందరు గుమ్మం నుంచే వచ్చేదని ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

మా చాట్రాయికి సముద్రం లేదు. ఎటు చూసినా మామిడి తోటలే. నూజివీడు మామిడి పేరుతో మీ ఇంటికి వచ్చే బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం మా చుట్టుపక్కల తోటల్లోవి కూడా. అయినా బందరుతో మాకొక తాల్లుక్ ఉండేది. మాది కృష్ణా జిల్లా, జిల్లా కచేరీ బందరులో. భూమి కాగితం కదలకపోతే మా అబ్బా ఫజర్ నమాజ్ అవగానే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేవారు. నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ, బందరు. రాత్రికి తిరిగొచ్చేటప్పుడు చేతిలో లడ్డూ పొట్లం ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. చాట్రాయి ఏలూరు జిల్లాలోకి పోయింది. ఆ రోజు నుంచి మాకు బందరుతో పని లేకుండా పోయింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా చెల్లెలి కూతురికి రెండు రిష్తాలు వచ్చాయి. ఒక అబ్బాయిది బందరు. సొంత ఇల్లు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల తిజారత్, నమాజీ. రెండో అబ్బాయిది విశాఖపట్నం. అద్దె ఇల్లు, కాంట్రాక్టు ఉద్యోగం, వాడూ మంచి పిల్లాడే. ఇంట్లో ఆడవాళ్లందరి వోటూ వైజాగ్‌కే పడింది. మా చెల్లెలు "భాయ్, బందరులో ఏముంది చెప్పు, దోమలు తప్ప?" అంది. నిజానికి మా చెల్లెలు బందరు చూసింది ఒక్కసారి, వైజాగ్ చూసింది సినిమాల్లో. చాట్రాయి నుంచి లెక్కేస్తే బందరు కన్నా వైజాగ్ దాదాపు మూడింతల దూరం. పిల్లని చూడాలంటే రాత్రంతా ప్రయాణం. అయినా ఎవరూ దూరం మాట ఎత్తలేదు.

కాదు అని బందరుకి ఫోన్ చేసే పని నా మీద పడింది. ఖబర్లు రాసేవాడికి మాటలు బాగా వస్తాయని అందరికీ ఒక నమ్మకం. అబ్బాయి అమ్మీ ఫోన్ తీశారు. ఎంత మెల్లగా చెప్పినా కాదు కాదే కదా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "మా అబ్బాయిలో ఐబ్ ఏమైనా ఉందా భాయ్‌సాబ్?" లేదు ఆపా, వల్లాహ్, ఏమీ లేదు అన్నాను. "మరి ఊరేనా? ఇది మూడో రిష్తా. ఊరు చేసిన కసూర్ ఏమిటి?"

ఆ సవాల్‌కి జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే ఊరు ఏ కసూరూ చేయలేదు. 17వ సదీలో ఈ తీరంలో బందరుకి దీటైన రేవులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కుతుబ్‌షాహీల సల్తనత్‌కి అదే పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడికి వచ్చి కోఠీలు పెట్టుకున్నారు. బందరు చుట్టుపక్కల అద్దిన కలంకారీ బట్ట ఇరాన్‌కి పోయేది, తూర్పు దీవులకీ పోయేది. డచ్చివాళ్లు ఆ దీవుల్లో మసాలా దినుసులు కొనాలంటే మన బట్టే ఇవ్వాల్సి వచ్చేది. ఎర్ర సముద్రం వైపు వెళ్లే జహాజుల్లో హాజీలు ఎక్కేవారు. ఇరాన్ నుంచి తాజిర్‌గా వచ్చిన మీర్ ముహమ్మద్ సయ్యిద్ బందరుకి హవల్దార్ అయ్యాడు, అంటే ఆ ఊరి పాలకుడు. అక్కడి నుంచి గోల్కొండ వజీర్ దాకా ఎదిగాడు. తారీఖ్ పుస్తకాల్లో మీర్ జుమ్లా అని మీరు చదివింది ఆయన గురించే. ఆ కాలంలో మన ఇళ్లలో పిల్లకి బందరు రిష్తా వస్తే దువాలు చేసి ఒప్పుకునేవారు.

మరి పడిపోయిందెందుకు? చాలామంది చెప్పే కారణాలు రెండు. మొదటిది సముద్రం లోతు లేదు, కృష్ణమ్మ తెచ్చే ఒండ్రుతో తీరం మేటేసింది. రెండోది తూఫాన్. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన వచ్చి పట్నం మీద పడింది. దాదాపు 30,000 మంది పోయారు. రెండూ నిజాలే. కానీ పూరా కథ అది కాదు.

బందరు వెలిగిన రోజుల్లో కూడా సముద్రం లోతు లేదు. జహాజులు తీరానికి చాలా దూరంలోనే లంగరు వేసేవి, సరుకు పడవల్లో ఒడ్డుకు వచ్చేది. ఇక మద్రాసు సంగతి చూడండి. ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగేనాటికి అది రేవే కాదు. విరుచుకుపడే అలలు, ఓడ ఆగడానికి ఏ అడ్డూ లేని తీరం. అయినా 1641లో ఈ తీరం మీద తమ పెద్ద కార్యాలయాన్ని బందరు నుంచి అక్కడికే మార్చుకున్నారు. ఎందుకంటే అక్కడ కోట సొంతం, హుకుం సొంతం. బందరులో ఏది కావాలన్నా గోల్కొండ ఫర్మానా కోసం చూడాలి. మద్రాసుకి అసలైన హార్బరు రెండు వందల ఏళ్లు దాటాక కట్టారు. అంటే షహర్ ముందు పెరిగింది, రేవు తర్వాత వచ్చింది.

కాబట్టి తీరపట్నం నసీబ్ సముద్రం వైపు చూస్తే తెలియదు. దాని వెనక నేల మీద ఏముందో చూడాలి. బందరు వెనక గోల్కొండ ఉన్నంతకాలం బందరుకి ఢోకా లేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండ గెలిచాడు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, జహాజులు నడిపే అమీర్లు చెదిరిపోయారు. తర్వాత ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు, 1759లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. వాళ్లకి మద్రాసు ఉండనే ఉంది, బందరు ఎందుకు? తూఫాన్ వచ్చేసరికే ఊరు నీరసించి ఉంది. నీరసించిన మనిషికి జ్వరం వస్తే లేవడం కష్టం.

ఆ తర్వాత రైలు వచ్చింది. మద్రాసు, కలకత్తాలని కలిపే పెద్ద లైను 1890లలో వేశారు. అది బెజవాడ మీదుగా, ఏలూరు, రాజమండ్రి దాటి వాల్తేరు పోయింది. బందరు పక్కన ఉండిపోయింది. బందరుకీ తర్వాత రైలు వచ్చింది కానీ అది బెజవాడ నుంచి విడిపోయిన కొమ్మ, అక్కడే ఆగిపోతుంది. ఈ రోజు పెద్ద హైవే కూడా అదే దారి. దారి మీద ఉన్న ఊళ్లో పని లేకపోయినా మనిషి దిగుతాడు. దారి చివర ఉన్న ఊరికి పని ఉంటేనే వెళతాడు. పని పోతే, మా అబ్బా బస్సు మానేసినట్టే, అందరూ మానేస్తారు.

విశాఖకి అల్లా ఇచ్చింది కొండ. సముద్రంలోకి ముక్కులా చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ అలలకి అడ్డం నిలబడింది. దాని వెనక ఉప్పు చిత్తడి నేల. దాన్ని మనుషులు తవ్వారు. అలలకి అడ్డుగోడ కోసం రెండు పాత ఓడల్నే ముంచేశారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. అంత ఖర్చు ఎవరు ఊరికే పెడతారు? మధ్య పరగణాల మాంగనీస్ ఖనిజాన్ని రాయపూర్ వైపు నుంచి రైల్లో దించి విదేశాలకి పంపడానికి రేవు కావాలి. అంటే విశాఖ వెనక గనులు, గనులకీ రేవుకీ మధ్య పట్టాలు.

ఇక ఒకదాని వెనక ఒకటి. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. 1941లో ఓడల కార్ఖానాకి పునాది, 1957లో రిఫైనరీ. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పోవడానికి కిరండూల్ నుంచి కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971లో శంకుస్థాపన జరిగింది. పని ఉన్న చోటికి మనుషులు, మనుషులున్న చోటికి కాలేజీలు, ఆసుపత్రులు, తర్వాత సినిమావాళ్లు. షోహ్రత్ వచ్చింది అన్నిటికన్నా ఆఖర్న. బీచ్ చూసి ఊరు పెరగలేదు, ఊరు పెరిగాక అందరూ బీచ్ చూశారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తూఫాన్ ఆ ఊరిని చితక్కొట్టింది. ఊరు లేచి నిలబడింది. ఎందుకంటే ఆ ఊరు లేవకపోతే దేశానికి నష్టం. 1864లో బందరు లేవకపోతే నష్టపోయేవాళ్లు బందరువాళ్లే.

షోహ్రత్‌కి ఖీమత్ కూడా ఉంది. 2020 మే 7 వేకువజామున విశాఖ శివార్లలో స్టైరీన్ గ్యాస్ లీకై నిద్రలో ఉన్నవాళ్లు రోడ్ల మీద పడిపోయారు. ఈ మాట మా చెల్లెలితో అంటే, "పెళ్లి మాటల్లో ఇవెందుకు భాయ్?" అంది. ఊరిని సినిమాలో చూసి ప్రేమించినవాళ్లకి దాని పొగ కనపడదు.

మా మేనకోడలి మాట వేరు. పిల్ల బి.ఫార్మసీ చదివింది. నేను అడిగితే బీచ్ గురించి ఒక్క మాట అనలేదు. "మామూ, పరవాడలో ఫార్మా కంపెనీలున్నాయి. నా చదువుకి అక్కడ పని దొరుకుతుంది. బందరులో దొరికితే బందరుకే పోయేదాన్ని" అంది. అందరూ ఇచ్చిన జవాబూ, పిల్ల ఇచ్చిన జవాబూ ఒకటే, వైజాగ్. కానీ మావాళ్లు ఊరి పేరు చూశారు, పిల్ల రోజీ చూసింది. అందుకే నేను కాదనలేదు. నిఖా వైజాగ్ అబ్బాయితోనే ఖాయమైంది. ఆ అబ్బాయిలో లోపం లేదు, ఆ బందరు తల్లి మనసు కష్టపెట్టామన్నదే బాధ.

ఇప్పుడు బందరు దగ్గర కొత్త రేవు కడుతున్నారు. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి ముగ్గురు ముఖ్యమంత్రుల చేతుల మీదుగా పనుల ఆరంభాలు జరిగాయి. అందరూ అడిగేది జహాజు ఎప్పుడొస్తుందని. నేను అడిగేది జహాజులోకి ఏం ఎక్కుతుందని. మా తోటల కాయ ఎండాకాలంలో లారీలెక్కి ఢిల్లీ, నాగపూర్ వైపు పోతుంది, సముద్రం వైపు ఒక్క లారీ తిరగదు. పెడన కలంకారీ, చిలకలపూడి నగ, చాట్రాయి మామిడి, వీటిలో ఏదో ఒకటి ఆ రేవుతో బతికితే బందరు మళ్లీ బందర్ అవుతుంది. ఎక్కడి నుంచో వచ్చిన బొగ్గు దిగి రైలెక్కి పోతే రేవు ఉంటుంది, ఊరు మాత్రం ఇలాగే ఉంటుంది. మా మేనకోడలి లాంటి పిల్లకి ఆ ఊళ్లో ఉద్యోగం దొరికిన రోజు, ఎవరూ అడగకుండానే రిష్తాలు వస్తాయి.

ఈలోపు సెలవులు దొరికితే పిల్లల్ని వైజాగ్ తీసుకెళ్లండి, కాదనను. జలాంతర్గామి చూపించండి, రేవు పక్క కొండ మీద ఇస్హాక్ మదీనా దర్గా దగ్గర నిలబెట్టి లోపలికొచ్చే ఓడల్ని చూపించండి. ఇంకో సెలవుకి గుడివాడ దారిన బందరు కూడా తీసుకెళ్లండి. మంగినపూడి దగ్గర నేల నల్లగా ఉంటుంది, నీళ్లు మోకాలి లోతులో చాలా దూరం పోతాయి. ఆ నీళ్లలో నిలబెట్టి, మన హాజీలు ఇటునుంచే జహాజెక్కేవారని చెప్పండి. వచ్చేటప్పుడు లడ్డూ తెచ్చుకోండి, రెండు పొట్లాలు ఎక్కువే తీసుకోండి, ఇంటికొచ్చేసరికి ఒకటి మిగలదు.